చిన్న కట్టలు – పెద్ద వానలు: ఆలంపూరు సీమలో ఒక పరిశీలన

ఆలంపూరు పేరు చెప్పగానే చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయములు, జోగులాంబ గుడి, వాటి చెంతనే ఉన్న షా అలీ పహిల్వాన్ దర్గా మనకు జ్ఞప్తికి వచ్చును. ఈ సంచికకు వ్యాసము అడిగిన సంపాదకవర్గము వారు కూడ మేము ఏ శాసనమును గురించియో, స్థలపురాణమును గురించియో వ్రాయుదుమని తలచి ఉందురు. కాని ఈ పర్యాయము మేము గుడిని విడిచి, ఊరి వెలుపలి వంకలలోనికి దిగినాము. తెలుగు చెప్పుకొనువారికి వంకలతో ఏమి పని యని కొందరు మిత్రులు నవ్వినారు. కట్ట, తూము, మత్తడి, గండి, బుంగ – ఈ మాటలన్నియు మేము నిఘంటువులో చదివినవే. వాటిని నేల మీద చూచినది మాత్రము ఈ సంవత్సరమే.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ భాగమును మనవారు నడిగడ్డ అందురు. రెండు మహానదులు ప్రక్కనే పారుచున్నను ఇది వానకు పేద నేల. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో సాలీనా సగటు వర్షము సుమారు 600 మిల్లీమీటర్లు. ఆలంపూరు వైపు అంతకంటెను తక్కువ. ఆ కొద్ది వానయు సమముగా కురియదు. వారముల తరబడి మొగము చాటువేసి, ఒక్క సాయంకాలము వచ్చి కుమ్మరించి పోవును. ఎండకు బీటలువారిన రేగడి గాని, పైరు లేక బయలుపడిన ఎఱ్ఱచెలక గాని ఆ దెబ్బకు నిలువజాలదు. పైమన్ను నీటితో కలిసి ఒర్రెలోనికి, ఒర్రెనుండి వంకలోనికి, వంకనుండి నదిలోనికి పోవును.

పోయిన మన్ను ఎక్కడికి చేరుచున్నదో తెలియుటకు శ్రీశైలము జలాశయము లెక్క చాలును. కట్టిననాడు దాని నిలువ సామర్థ్యము 308 టి.ఎం.సి.లు. తరువాతి సర్వేలో అది 215 టి.ఎం.సి.ల వద్దకు దిగినది. తక్కినదంతయు పూడిక. తుంగభద్ర ఆనకట్టది కూడ ఇదే కథ, 133 టి.ఎం.సి.లది ఇప్పుడు 105 దగ్గరకు వచ్చినది. ఆ పూడికలో మన నడిగడ్డ రైతు చేను కూడ ఎంతో కొంత ఉన్నది.

ఈ నష్టమును తగ్గించుటకు వంకలలో చిన్న అడ్డుకట్టలు కట్టుట ఆరంభమైనది. 1973-74లో కరువు పీడిత ప్రాంతముల పథకము వచ్చినప్పటి నుండి మన జిల్లాలో ఈ పని ఏదో ఒక పేరుతో సాగుచునే ఉన్నది. 1995 నాటి వాటర్‌షెడ్ మార్గదర్శకములు, 2000లో నీరు-మీరు, 2006లో ఉపాధి హామీ – పథకము మారినప్పుడెల్ల వంకలలో రాళ్ళు పడినవి. ఎగువ ఒర్రెలలో వట్టి రాళ్ళ పేర్పు, దాని దిగువన తీగ వలలో రాళ్ళు నింపిన కట్ట, ఇంకను దిగువన సిమెంటు గోడ. మనవారు అన్నింటిని కలిపి చెక్ డ్యామ్ అనుచున్నారు. దీనివలన నీరు నిలుచునని అందరకును తెలియును. కాని దాని మొదటి పని నీటిని నిలుపుట కాదు, నీటి పరుగును తగ్గించుట. పరుగు తగ్గిన నీరు మోసికొని వచ్చిన మన్నును అక్కడనే దించును. చెక్ డ్యామ్ మన్నుతో నిండినచో అది పాడైనదని పలువురు అనుకొందురు. మన్నును ఆపుటకే కట్టిన కట్ట మన్నుతో నిండినచో పని నెరవేరినట్లే. చిక్కు ఆ తరువాత ఉన్నది.

2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట కురిసిన వానను ఈ ప్రాంతము వారు మరువలేదు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలపై ఎడతెగని వాన. తుంగభద్ర పొంగి మంత్రాలయము మునిగినది, రాజోలి మునిగినది, కర్నూలు నగరము మునిగినది, ఆలంపూరులోనికి నీరు వచ్చినది. 19 లక్షల క్యూసెక్కులకు రూపొందించిన శ్రీశైలము ఆనకట్టకు దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. ఇదంతయు పత్రికలలో వచ్చిన చరిత్ర. వంకలలోని చిన్న కట్టలకు ఏమైనదన్న సంగతి పత్రికలకు ఎక్కలేదు. అది రైతుల నోట మాత్రమే మిగిలినది. మేము విన్నదియు వారి నోటనే.

గడచిన శీతకాలమున ఇరువది మంది విద్యార్థులతో ఒక వంక వెంట పై నుండి క్రిందికి నడచినాము. ఊరి పేరు ఇక్కడ అవసరము లేదు. ఆ వంకలో వరుసగా మూడు కట్టలు. పైది వట్టి రాళ్ళది. రాళ్ళలో సగము కట్టున్న చోట లేవు, రెండు వందల అడుగుల దిగువన ఇసుకలో పడి ఉన్నవి. క్రిందిది మట్టికట్ట, నడుమ నిలువునా గండి. మధ్యది మాత్రము సిమెంటు గోడ. దానిని చూచి మా విద్యార్థి యొకడు, "సార్, ఇది ఒక్కటి చెక్కు చెదరలేదు" అని సంతోషించినాడు. నిజమే, గోడకు ఒక బీట కూడ లేదు. కాని వంక అక్కడ లేదు! గోడ ఎడమ కొనను చుట్టి, ప్రక్కనున్న చేనును కోసికొని, పదునైదు అడుగుల వెడల్పున క్రొత్త దారి చేసికొని దిగువన మరల పాత వంకలో కలిసినది. గోడ ఎండలో ఒంటరిగా నిలుచున్నది.

ఆ చేని పెద్దాయన గట్టు మీద కూర్చుండి మమ్ము చూచుచున్నాడు. "ఏం తాతా, గోడ గట్టిగనే ఉన్నది గదా?" అని అడిగినాము.

"గోడ గట్టిదే సారూ. వాగుకు పక్కన తొవ్వ దొరికింది" అన్నాడాయన. కొంతసేపటికి, "ఈ గోడ లేకుంటే నా చేను ఉండేది" అని కూడ అన్నాడు. వేరుసెనగ వేసిన అర యెకరము కోతకు పోయినదట; మిగిలినదానిపై ఇసుక మేట వేసినదట. గోడ కట్టునాడు దానివలన తన బావికి ఊట వచ్చునని ఆయనయే ముందుండి కూలి చేసినాడట.

మేము మారు మాట చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చిన తరువాత కూడ ఆ మాట వదలలేదు. నేలను కాపాడుటకు కట్టిన గోడ నేలను తిన్నదా? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటయే ఈ వ్యాసము. ఇంజనీరింగు మా శాస్త్రము కాదు. తెలిసినవారిని అడిగి, చదివి, లెక్క కట్టి గ్రహించినది వ్రాయుచున్నాము.

మొదట లెక్క. ఒక వంకకు పైన 100 హెక్టార్ల, అనగా సుమారు 250 ఎకరముల పరీవాహకము ఉన్నదనుకొందము. గంటకు 25 మిల్లీమీటర్ల చొప్పున వాన కురిసి, అందులో పదింట మూడు వంతులు పారినచో వంకలోనికి సెకనుకు రెండు ఘనపు మీటర్ల నీరు వచ్చును. ఇక గంటకు 100 మిల్లీమీటర్ల వాన వచ్చినదనుకొనుడు. నాలుగు రెట్లు వాన గనుక నాలుగు రెట్లు నీరని మనము అనుకొందుము. కాదు. అప్పటికే నేల త్రాగవలసినంత త్రాగి ఉండును. పదింట ఆరు వంతులు పారును. అప్పుడు వచ్చునది సెకనుకు సుమారు 17 ఘనపు మీటర్లు. వాన నాలుగింతలు, వరద ఎనిమిదింతలు. పది మీటర్ల వెడల్పు గల మత్తడి మీద మొదటి వరద ఒక జానెడు ఎత్తున, అనగా 25 సెంటీమీటర్లు దూకిపోవును. రెండవది దాదాపు ఒక మీటరు ఎత్తున వచ్చును. రెక్కగోడలు మత్తడికంటె అర మీటరే ఎత్తు ఉన్నచో మిగిలిన నీరు ఎక్కడికి పోవలెను? రెక్కల మీదుగా, ప్రక్క గట్టు మీదికి. గట్టు మట్టిది. అక్కడ సన్నని చాలు పడినచో చాలు, గంటలో అది వంకయగును. మేము చూచిన గోడకు జరిగినది ఇదియే. అది బలహీనమై ఓడిపోలేదు. దానికి మత్తడి చాలలేదు, రెక్కలు గట్టులోనికి లోతుగా పోలేదు.

వట్టి రాళ్ళ కట్ట సంగతి వేరు. పందొమ్మిదవ శతాబ్దమున విలియం హాప్కిన్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక సూత్రమును చూపినాడు: ప్రవాహ వేగము రెట్టింపైనచో అది దొర్లింపగల రాయి బరువు రెట్టింపు కాదు, నాలుగింతలును కాదు, అరువది నాలుగింతలగును. మామూలు వానలో కిలో రాయిని కదల్చలేని వంక, వేగము రెట్టింపైన నాడు అరువది కిలోల బండను నెట్టగలదు. ఒక మనిషి మోయగల రాళ్ళతో పేర్చిన కట్ట అట్టి నాడు నిలుచునని ఆశించుట న్యాయము కాదు. అందుకే రాళ్ళ పేర్పులు వంక పుట్టుచోట, నీరు ఇంకను చిన్నదిగా ఉన్నచోట ఉండవలెను. నడుమ వంకలో పేర్చినచో వరద వాటిని దిగువ గోడకు గుండ్లుగా వాడుకొనును.

మూడవది కనబడని నష్టము. రెండు మీటర్ల ఎత్తు నుండి పడు నీరు క్రింద నేలను తాకునప్పటికి దాని వేగము సెకనుకు ఆరు మీటర్లు దాటును. ఆ దెబ్బ తినుటకు క్రింద రాతి పరుపు లేనిచో గోడ పాదము వద్ద గుంట పడును, ఏటేట అది లోతగును, పునాది బయటపడును, ఒకనాడు గోడ ముందుకు ఒరిగిపోవును. చూచువారు వరద గోడను త్రోసివేసినదందురు. నిజమునకు ఆ గోడ క్రింద నేల మూడు నాలుగేండ్లుగా పోవుచునే ఉన్నది, ఎవరును వంగి చూడలేదు. కాంట్రాక్టు పనులలో మొదట తెగ్గోయబడునది ఈ రాతి పరుపే యని కూడ అనుభవజ్ఞులు మాకు చెప్పినారు. పైకి కనబడని దానికి ఎప్పుడును కత్తెర ముందు పడును.

మట్టికట్టకు శత్రువు బుంగ. మన రేగడి వేసవిలో చేయి దూరునంత బీటలు వారును. ఎలుకలు, పీతలు బొరియలు చేయును. కట్ట మీద మొలచిన చెట్టు చచ్చినచో దాని వేరు కుళ్ళి లోపల గొట్టమగును. తొలి పెద్దవానకు నీరు ఆ సందున దూరి, వెనుక వైపు బురదగా బయటకు వచ్చును. తేటనీరు కారినచో అంత భయము లేదు. బురదనీరు కారినచో కట్ట లోపలి మన్ను కరగిపోవుచున్నదని పెద్దలకు తెలియును. పూర్వము నీరటి రాత్రివేళ లాంతరు పట్టుకొని కట్ట వెనుక భాగమున నడచునది ఈ బురదనీటి కొరకే.

ఇక ఒక కట్ట తెగినచో దాని కథ అంతటితో ముగియదు. ఇందుకు మన ప్రాంతపు సాక్ష్యము మూసీ. ఆ నది నల్లగొండ జిల్లా మీదుగా పారి వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచి వేలాది ప్రాణములు తీసిన వరద అందరును ఎరిగినదే. అప్పటి నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ – మహబూబ్‌నగర్ అను పేరు ఆయనదే – 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించినారు. విశ్వేశ్వరయ్య పరిశీలనలో శంషాబాదు వద్ద 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళముల వాన నమోదైనట్లు తేలినది. నగరమునకు ఎగువనున్న పరీవాహకమున 788 చెరువులు ఉండగా వానిలో 221 తెగినవి. పై చెరువు తెగిన నీరు క్రింది చెరువుపై పడుటచే అది తెగినది, ఆ రెండింటి నీరు మూడవదానిపై పడినది. వాన తెచ్చిన వరదకు కట్టలు దాచిన నీరు తోడైనది. గొలుసుకట్టు చెరువులని మనము గొప్పగా చెప్పుకొను ఏర్పాటులో ఈ ప్రమాదము దాగి ఉన్నది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ పాఠము నుండి పుట్టినవే. చెరువులు పెద్దవి, మన వంక కట్టలు చిన్నవి. గొలుసు న్యాయము మాత్రము ఒక్కటే. మేము చూచిన మూడు కట్టలలో పై రాళ్ళు ముందు పోయినవి, తరువాత నడిమి గోడ చుట్టువాడబడినది, ఆ చేని మన్నును రాళ్ళను మోసికొని వచ్చిన నీరు క్రింది మట్టికట్టను తీసికొనిపోయినది.

చెక్ డ్యామ్ విషయమున చెరువునకు లేని ఇంకొక నష్టము ఉన్నది. అది పదేండ్లు కొద్దికొద్దిగా ఆపిన మన్ను కట్ట వెనుక గాదెలో ధాన్యమువలె నిలిచి ఉండును. గండి పడిన రాత్రి ఆ గాదె తలుపు తెరచినట్లగును. చైనా దేశపు లోయెస్ పీఠభూమిలో మన్నును ఆపి, ఆ మన్నుపైననే సేద్యము చేయుటకు లోయలలో వేలకొలది కట్టలు కట్టినారు. 1977 జులైలో యాన్‌ఆన్ ప్రాంతమున కుంభవృష్టి కురిసినప్పుడు వానిలో ఎన్నో తెగి, యేండ్ల తరబడి కూడబెట్టిన పొలములు కొట్టుకొనిపోయినవి. ఆ దేశము వారు కట్టుట మానలేదు. అటు తరువాత ప్రతి లోయలోను తక్కిన వాటికంటె బలమైన కట్టలను, వరదను సురక్షితముగా దాటించు మార్గములను ఏర్పరచుకొనుటకు పూనుకొనినారు.

ఇట్టి వానలు మునుపును వచ్చినవి గదా, ఇప్పుడు క్రొత్తగా భయమెందుకని అడుగవచ్చును. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో అది సుమారు ఏడు శాతము ఎక్కువ తేమను పట్టగలదు. కురియునప్పుడు ఆ మేరకు ఎక్కువగా కురియగలదు. 1950 నుండి 2015 వరకు మధ్య భారతమున విస్తారమైన అతివృష్టి ఘటనలు మూడింతలైనవని 2017లో ప్రచురింపబడిన ఒక పరిశోధన తెలిపినది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో ఖమ్మం, మహబూబాబాదు జిల్లాలపై పడిన వానకు కేసముద్రము వద్ద రైలు పట్టాల క్రింది కట్టయే కొట్టుకొనిపోవుట మనము చూచితిమి. ముప్పది యేండ్ల క్రిందటి వానల పట్టికను చూచి గీసిన మత్తడి వెడల్పు ఇక ముందు చాలదు.

పెద్దాయన ప్రశ్నకు మా జవాబు ఇది: గోడ తప్పు కాదు, గోడను కట్టి విడిచిపెట్టుట తప్పు. ఆ గోడ ఎడమ కొన వద్ద గట్టు కోతకు మొదలైన యేడు రెండు బండ్ల రాయి, నలుగురి ఒకనాటి కూలి చాలి ఉండును. ఎవరు చేయవలెను? కట్టిన శాఖ పని ముగిసినదని లెక్క మూసినది. పంచాయతీ అది తమది కాదన్నది. రైతు సర్కారు గోడను ముట్టుకొనుటకు వెరచినాడు. మన పూర్వులు ఈ చిక్కును ఎరుగుదురు. చెరువు త్రవ్వించుటను సప్త సంతానములలో ఒకటిగా చెప్పి ఊరుకొనలేదు. దశబంధమను పేర, కట్టిన లేక బాగుచేయించినవానికి భూమిలోనో ఆదాయములోనో భాగమిచ్చి, దాని మరమ్మతు భారమును వానిపై ఉంచినారు. పుణ్యము కట్టినవానికి, మాన్యము కాపాడువానికి! 1995 మార్గదర్శకములలో కూడ తరువాతి మరమ్మతులకు ఊరివారి చందాతో నిధి ఏర్పరచవలెనని ఉన్నది. ఆ నిధి మేము పోయిన ఊరిలో ఎవరికిని జ్ఞాపకము లేదు.

పారశీకములోని బంద్ అను మాటకును, తెలుగులోని కట్ట అను మాటకును మూలార్థము ఒక్కటే – కట్టివేయుట. మా ఉర్దూ శాఖ మిత్రులతో ఈ మాట అనుకొనుచుండగా వారు, "కట్టివేసినదానిని విప్పు దారి కూడ ఉండవలెను గదా" అన్నారు. ఇంజనీర్లు చెప్పునది కూడ అదియే. కట్టుటకు ముందు మత్తడిని లెక్కించుము; రెక్కలను గట్టులోనికి లోతుగా పొదుగుము; క్రింద రాతి పరుపు వేయుము; పని ఎగువ ఒర్రెల నుండి ఆరంభించి దిగువకు రమ్ము. మన వైపు తరచుగా జరుగునది దీనికి తలక్రిందు. రోడ్డు ప్రక్క కనబడు గోడ ముందు లేచును, గుట్ట పైని రాళ్ళ పేర్పు చివరకు మిగిలి, నిధులు లేవని ఆగిపోవును.

కళాశాల సంఘము వారికి ఒక మనవి. జాతీయ సేవా పథకము క్రింద మన విద్యార్థులు ఏటేట ఏడు దినముల ప్రత్యేక శిబిరము జరుపుచున్నారు. వచ్చు శిబిరమును ఆ వంకపైననే ఏర్పాటు చేయుటకు అనుమతింపగోరుచున్నాము. గోడ ఎడమ కొనను మూయుట మా చేతి పని కాదు. దానికి శాఖవారు రావలెను, అందుకు గ్రామస్థుల సంతకములతో అర్జీ సిద్ధమైనది. పై ఒర్రెలలో చెదరిన రాళ్ళను ఏరి మరల పేర్చుట మాత్రము విద్యార్థులు చేయగలరు. మృగశిర కార్తెకు ముందు ఒకమారు, వానలు వెనుకబడిన పిదప ఒకమారు మూడు కట్టల వద్ద కోతను, పూడికను కొలిచి వ్రాయుటకు ఒక నోటుపుస్తకము ఏర్పరచినాము. మొదటి పుటలో అంకెలు చేరినవి: నడిమి గోడ పాదము వద్ద గుంట లోతు మూడడుగుల రెండంగుళములు, ప్రక్క కోత వెడల్పు పదునైదడుగులు. ఆ కొలత తీయునాడు టేపు రెండవ కొనను పట్టుకొన్నది ఆ పెద్దాయనయే.